ఒకే వంటగట్టు, రెండు రాళ్ళు: ఆరేళ్ళ వాడకం తర్వాత

మా వంటగట్టు ఎల్ ఆకారంలో ఉంటుంది. పొడుగు చెయ్యి తొమ్మిదడుగులు, పొట్టి చెయ్యి అయిదడుగులు. పొడుగుది చీమకుర్తి నల్లరాయి, షాపుల్లో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటారు. పొట్టిది రాజస్థాన్ తెల్ల పాలరాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి "భలే ఉందండీ, డిజైనరు ఎవరు?" అని అడుగుతారు. డిజైనరూ లేడు, పాడూ లేదు. లారీ దింపేటప్పుడు రెండో నల్ల స్లాబు నడుముకి విరిగింది. షాపువాణ్ణి అడిగితే "కొత్త లాటు రెండు వారాలకొస్తది మేడమ్, షేడ్ కలవకపోతే నన్నడగొద్దు" అన్నాడు. గృహప్రవేశం ఆరు రోజుల్లో ఉంది. హాల్లో పరవగా మిగిలిన పాలరాతి స్లాబు ప్రహరీగోడకి ఆనించి ఉంటే, మా ఆయన దానివైపు చూసి "ఇది వేసేద్దాం, రాయి రాయే కదా" అన్నారు.

రాయి రాయే కాదని నాకు మూడు నెలల్లో తెలిసింది. ఇది 2019 ఫిబ్రవరి మాట. అప్పట్నుంచీ రోజుకి మూడు పూటలా ఒకే గది, ఒకే చెయ్యి, ఒకే గుడ్డతో రెండు రాళ్ళనీ వాడుతున్నాను. ఇల్లు కడుతున్న చుట్టాలందరూ ఫోన్ చేసి "గ్రానైటా, మార్బులా?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఒక్కసారిగా రాసేస్తున్నాను.

ముందు నల్లరాయి సంగతి. నాకు దీని మీద పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. మా పుట్టిల్లు చీమకుర్తికి దగ్గర. చిన్నప్పుడు బడికి వెళ్తుంటే రామతీర్థం క్వారీల నుంచి లారీలు వచ్చేవి. లారీ అంతటికీ ఒకటో రెండో దిమ్మలు, గొలుసులు కట్టి ఉండేవి. అంత పెద్ద లారీలో అంత తక్కువ సరుకా అని నవ్వుకునేవాళ్ళం. ఆ దిమ్మలు ఓడలెక్కి ఏ దేశాలకో పోతాయని, అక్కడి హోటళ్ళలో, బ్యాంకుల్లో నేలలవుతాయని ఆ వయసులో మాకెవరు చెప్తారు? మా ఊళ్ళో అది రోడ్డుపక్కన పడుండే నల్లరాయి, అంతే. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక, షాపులో దాని పక్కన ధర రాసున్న చీటీ చూసి కళ్ళు తిరిగాయి. చదరపు అడుగు 210 రూపాయలకి తెచ్చాం, మా ఊరి రాయిని.

ఆ రాయిలో బంగారు చుక్కలుంటాయి. ఆ చుక్కల వల్లే గెలాక్సీ అన్న పేరు. గృహప్రవేశం మర్నాడు మా అత్తగారు తడిగుడ్డ పెట్టి అరగంటసేపు గట్టు తుడిచారు. "ఎంత తుడిచినా ఈ బొంబాయి రవ్వ పోవడం లేదే" అన్నారు. అది రవ్వ కాదత్తయ్యా, రాతిలోదే అంటే నమ్మలేదు. గోటితో గీకి చూశాక గానీ వదల్లేదు. ఆ చుక్క ఒక ఖనిజం. దాన్ని బ్రాంజైట్ అంటారట, కంచులాగా మెరుస్తుందని ఆ పేరు.

ఈ శాస్త్రమంతా మా తమ్ముడి పుణ్యం. వాడు భూగర్భశాస్త్రం చదివాడు. ఇంటికొస్తే కాఫీ కంటే ముందు గోడలూ గడపలూ చూస్తాడు. విరిగిన నల్ల స్లాబు ముక్కనీ, తెల్లదాని ముక్కనీ డాబా మీద పెట్టి, జేబులో భూతద్దం తీసి "అక్కా, ఇటురా, నీ ఇంట్లో రెండు కథలున్నాయి" అన్నాడు.

నల్లదాని విరుగు చూస్తే పలకలు పలకలుగా నల్లని గింజలు, ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. మధ్యలో కంచు రంగు తళుకు. సూది మొన దూర్చడానికి కూడా ఖాళీ లేదు. ఇది అగ్నిశిల. భూమి లోపల కరిగిన శిలాద్రవం పైకి రాకుండా లోతులోనే ఆగిపోయి, నిదానంగా, లక్షల ఏళ్ళ పాటు చల్లారితే ఇలా పెద్ద పెద్ద గింజలు కడతాయి. నేను వెంటనే "కలకండ లాగానా?" అన్నాను. పాకాన్ని పళ్ళెంలో పోసి ఒక్కసారిగా చల్లారిస్తే అద్దంలా గట్టిపడుతుంది. అదే పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే గడ్డలు గడ్డలుగా కలకండ కడుతుంది. వాడు నా వైపు అదోలా చూసి "మా ప్రొఫెసర్‌కి నలభై నిమిషాలు పట్టిందక్కా ఇది చెప్పడానికి" అన్నాడు.

తెల్లదాని విరుగు వేరు. పంచదార ఉండ విరిచినట్టుంది. ఎండలోకి తిప్పితే ప్రతి గింజా ఒక్కో మూలకి మెరుస్తోంది. ఇది రూపాంతర శిల. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. తర్వాత భూమి పొరల కిందికి నొక్కుకుపోయి, వేడికీ ఒత్తిడికీ లోపలి గింజలన్నీ మళ్ళీ కొత్తగా కట్టుకున్నాయి. కానీ కరగలేదు. అసలు తేడా అక్కడే ఉందని వాడు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. నల్లది ఒకసారి పూర్తిగా కరిగి గడ్డకట్టింది. తెల్లది కరక్కుండానే మారిపోయింది. జున్నుపాలు ఆవిరి మీద పెడితే జున్నవుతుంది కదా, అలాగ. పాలు పోయి ఇంకోటి రాలేదు, పాలే అలా అయింది. ఆ సున్నపురాతిలో గవ్వలో గుల్లలో ఉండుంటే వాటి ఆనవాళ్ళు కూడా ఈ మార్పులో చెరిగిపోతాయి.

ఇదంతా విని ఊరుకుంటే సరిపోయేది. కానీ అప్పటికి నాకు ముఖ్యమైన విషయం ఒకటి ఎవరూ చెప్పలేదు. వాడూ చెప్పలేదు. మేలో నేనే తెలుసుకున్నాను.

ఆవకాయ రోజు. పాతిక కాయలు. కడిగి, తుడిచి, ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొర తీసి, ఒక్కో ముక్కా మళ్ళీ తుడిచి ఆరబెట్టాలి. తెల్లరాయి శుభ్రంగా, చల్లగా కనపడుతోంది కదా అని పొట్టి చెయ్యి మీద పాత పంచె పరిచి ముక్కలన్నీ దాని మీద పోశాను. ఫ్యాను వేసి, ఆవపిండి జల్లించుకోవడానికి వెళ్ళాను. మూడు గంటల తర్వాత ముక్కలన్నీ బేసిన్లోకి ఎత్తి పంచె లాగాను.

మొదట తడి అనుకున్నాను. గుడ్డ పెట్టి తుడిచాను. పొడిగుడ్డతో తుడిచాను. పోలేదు. కిటికీ వైపు నుంచి వంగి చూస్తే అప్పుడు అర్థమైంది: రాతి మీద పంచె ఉంది. పంచె అంచు గీత, మడత పడ్డ చోటు, ముక్కలు గుత్తిగా పడ్డ చోట్లు, అన్నీ అద్దం మీద నోటితో ఊదినట్టు మసగ్గా అచ్చుపడ్డాయి. వేలు జరిపితే మెరుపున్న చోట జారుతోంది, మసక చోట సుద్దముక్క మీద రాసినట్టు పట్టుకుంటోంది. మరక అయితే రాయి పైన ఏదో అంటుకుని ఉంటుంది, రుద్దితే పోతుంది. ఇక్కడ అంటుకున్నదేమీ లేదు. పులుపు రాతిని తినేసింది. లేనిదాన్ని ఎక్కడని రుద్దుతాం?

అదే రోజు నల్లగట్టు మీద మామిడి రసం మడుగే కట్టింది. దాన్ని రాత్రి దాకా పట్టించుకోలేదు కూడా. తుడిస్తే పోయింది. అచ్చూ లేదు, మచ్చా లేదు.

తమ్ముడికి ఫోన్ చేసి తిట్టాను. వాడు నవ్వి, చాకుతో పాలరాతి ముక్కని గీకి ఆ పొడి మీద నిమ్మచుక్క వెయ్యమన్నాడు. వేశాను. సన్నటి నురగ. పాలరాయిలో ఉన్నది కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరుగుతుంది, కరిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వస్తుంది. నిమ్మకాయ, చింతపండు, టమాటా, వెనిగరు, పుల్లమజ్జిగ అన్నీ ఇదే పని చేస్తాయి, కొన్ని తొందరగా, కొన్ని నిదానంగా. ఇప్పుడు చెప్పండి, తెలుగువాళ్ళ వంటింట్లో పులుపు లేని పూట ఏది? వెన్నా రొట్టే తినే దేశాల్లో ఈ రాతి మీద వంట చేసుకుంటారేమో. చారు, పులుసు, పులిహోర, పప్పుచారు, గోంగూర వండే ఇంట్లో పాలరాతి గట్టు వేయడమంటే, చెదలున్న గదిలో పుస్తకాల బీరువా పెట్టుకోవడమే.

నిమ్మరసం నల్లరాతిని ఏమీ చెయ్యదు. అందులో ఉన్నవి ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ లాంటి, సిలికేట్లు అనే రకం ఖనిజాలు. ఇంటి పులుపులు వాటిని కదపలేవు. గట్టిదనం లెక్క కూడా అంతే. 1812లో మోస్ అనే జర్మన్ ఆయన ఒక వరస పెట్టాడు: అన్నిటికంటే మెత్తటి టాల్క్ 1, అన్నిటికంటే గట్టి వజ్రం 10. గోరు రెండున్నర, చాకు సుమారు అయిదున్నర. కాల్సైట్ 3. ఫెల్డ్‌స్పార్ 6. అసలు గ్రానైట్లలో ఉండే పలుగురాయి 7. తెల్లగట్టు మీద కూరగాయలు తరిగిన చోటల్లా పిల్లి గోళ్ళు గీసినట్టు సన్న గీతలున్నాయి. నల్లగట్టు మీద నా చాకే మొద్దుబారింది.

ఆ తర్వాత డబ్బు పోగొట్టుకున్న సంగతి. పాలిష్ పట్టే సంస్థ ఒకటి, పేరొద్దు, మనిషిని పంపింది. అతను "సీలర్ కొట్టిస్తే నిమ్మకాయ పిండినా ఏం కాదు" అని గట్టిగా చెప్పి 4,500 తీసుకున్నాడు. వారం తర్వాత పచ్చిపులుసు గిన్నె అడుగు గుండ్రంగా అచ్చుపడింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇలాంటి సీలరు పనికిరాదని కాదు. రాతి సన్న సందుల్లోకి నూనె, పసుపు దిగకుండా కొంత ఆపుతుంది. కానీ పులుపు పైపొరనే తింటుంది, సందుల్లోకి దిగే పనే దానికి లేదు. సీలరు మరకకి మందు, పులుపుకి కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మీకు 4,500 మిగిలినట్టే.

పసుపు సంగతి చెప్పాను కదా, దానికి మాత్రం చిట్కా ఉంది. పసుపు మరక ఎండకి వెలిసిపోతుంది. కిటికీ పక్కన పడ్డ మరక నాలుగైదు రోజుల్లో దానంతటదే పోయింది. నీడలో పడ్డది నెలల తరబడి అలాగే ఉంది. నూనె మరకైతే వంటసోడా ముద్దగా కలిపి రాసి, పైన పాలిథిన్ కప్పి రాత్రంతా వదిలేస్తే చాలావరకు లాగేస్తుంది. ఇనప తుప్పు మాత్రం ఓ పట్టాన పోదు. సిలిండర్ కింద పడిన ఎర్ర వలయం మా హాలు పాలరాతి మీద ఇప్పటికీ ఉంది, పైన పీట వేసి దాచాం. తుప్పు పోగొట్టే మందుల్లో చాలావాటిలో యాసిడ్ ఉంటుంది, పూస్తే వలయం పోయి గుంట వస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ అయితే సరేసరి. పనిమనిషి తెలియక గడప మీద ఒలికిస్తే సోడా కొట్టినట్టు బుస్సుమని పొంగింది.

ఇక నల్లరాతి మీద నాకున్న కోపాలు. ఒకటి, దుమ్ము. తుడిచిన అయిదు నిమిషాలకి మళ్ళీ కనపడుతుంది. బియ్యప్పిండి రేణువు కూడా దాక్కోదు. కానీ ఆవాలు చిందితే మాత్రం ఒక్కటీ కనపడదు, మిరియాలు కూడా. అరచెయ్యి వేసి తడుముకోవాల్సిందే. నల్లచీమలు వరసకట్టి పోతున్నా పంచదార డబ్బా దాకా వెళ్ళాకే తెలుస్తుంది.

రెండోది, మా బోరునీళ్ళు. సింకు చుట్టూ నీళ్ళు ఎండినచోటల్లా తెల్ల పొర కడుతుంది. కొళాయి మొదట్లో అయితే పెచ్చులాగా పేరుకుంటుంది. నల్లరాతి మీద ఆ తెల్లచారలు నన్ను ఆరేళ్ళుగా వెక్కిరిస్తున్నాయి. ఒకరోజు విసుగొచ్చి పిండేసిన నిమ్మచెక్కతో రుద్దాను. నురగొచ్చింది, పొర పోయింది, కింద రాయి కొత్తదానిలా మెరిసింది. ఆ నురగ ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. తమ్ముణ్ణి అడిగితే "అదీ అదేనక్కా" అన్నాడు. నీళ్ళలోంచి దిగి గట్టిపడ్డ ఆ తెల్ల పొరలో ఉన్నదీ కాల్షియం కార్బొనేటే. పాలరాయి దేనితో అయిందో దానితోనే. అంటే నిమ్మచెక్క రెండు చోట్లా చేసింది ఒకటే పని. నల్లగట్టు మీద చేస్తే శుభ్రం చేసిందన్నాను, తెల్లగట్టు మీద చేస్తే పాడుచేసిందన్నాను. ఇప్పుడు సింకు దగ్గర నిమ్మచెక్క వాడేటప్పుడు, రెండు రాళ్ళు కలిసే గీత మీద ముందు పొడి తువ్వాలు అడ్డం పెడతాను.

వేడి గురించి కూడా అడుగుతుంటారు. కుక్కరు పొయ్యి మీంచి దించి నల్లగట్టు మీద నేరుగా పెడతాను, ఆరేళ్ళలో ఏమీ కాలేదు. తెల్లదాని మీదా కొన్నిసార్లు పెట్టాను, అప్పుడూ ఏమీ కాలేదు. వంటింటి గిన్నె వేడి పాలరాతిని సున్నం చెయ్యదు, దానికి సున్నపుబట్టీ వేడి కావాలి. అయితే స్లాబులో నెరియలు ఎపాక్సీ అనే జిగురుతో పూడ్చి ఉంటే, ఆ పూత వేడికి పసుపురంగు తిరగొచ్చు. మా తెల్లదాంట్లో అలాంటి గీత ఒకటి ఉంది. కొన్నప్పుడు "అది నేచురల్ లైను మేడమ్" అన్నారు. పరిచాక నీళ్ళు పోస్తే ఆ గీత వెంట మాత్రం తడి తొందరగా ఆరలేదు.

పాలరాయి చల్లన అనే మాట కూడా సగమే నిజం. మా తమ్ముడు ససేమిరా ఒప్పుకోడు. ముట్టుకుంటే రెండు రాళ్ళూ ఇంచుమించు ఒకేలా వేడిని లాగుతాయంటాడు. ఉదయం చెయ్యి వేసి చూశాను, తేడా తెలియలేదు. మధ్యాహ్నం మూడింటికి పడమటి కిటికీ ఎండ గట్టు మీద పడినప్పుడు మాత్రం తెలిసింది. నల్లది దోసెపెనంలా కాలుతోంది, తెల్లది మామూలుగానే ఉంది. నలుపు ఎండని తాగుతుంది, తెలుపు తిప్పికొడుతుంది. ఇది రాయి పుట్టుక గుణం కాదు, రంగు గుణం. మే నెలలో హాలు పాలరాతి మీద పడుకుంటే వచ్చే సుఖం గురించి మాత్రం నేను ఎవరితోనూ వాదించను. చాప కూడా వెయ్యం.

పాలరాతికి ఇంకో మంచిగుణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మెత్తన కాబట్టే బాగుచేసుకోవచ్చు. గ్రానైట్ స్లాబు ఫ్యాక్టరీలోనే అద్దంలా పాలిష్ అయి వస్తుంది, ఇంట్లో పరచడమే పని. పాలరాయిని పరిచాకే పాలిష్ పడతారు. మా హాలుకి రాజస్థాన్ పనివాళ్ళు తొమ్మిది రోజులు మిషను తిప్పారు. గరుకు రాయితో మొదలుపెట్టి సన్నదానికి, ఇంకా సన్నదానికి మారుస్తూ పోయారు. ఇల్లంతా పల్చటి మజ్జిగలాంటి తెల్లనీళ్ళు. మెట్ల మీంచి వీధిలోకి పారితే పక్కింటావిడ పోట్లాటకొచ్చింది. అప్పుడు విసుక్కున్నా, ఆవకాయ ముద్రపడ్డ గట్టుని తర్వాత ఒక మేస్త్రీ చేతి మిషనుతో గంటన్నరలో మళ్ళీ మెరిపించాడు. నల్లగట్టు సింకు మూలలో పెచ్చు లేస్తే మాత్రం అదే మేస్త్రీ చేతులెత్తేశాడు. "ఇది ఇంట్లో అయ్యే పని కాదమ్మా, ఫ్యాక్టరీ మెరుపు రాదు" అని నల్ల ఎపాక్సీ పూసి వెళ్ళాడు. వెలుతురులో వంగి చూస్తే ఆ అతుకు తెలుస్తుంది. సింకు కోసం కోసిన మూల చదరంగా ఉంటే అక్కడే పగులు మొదలవుతుంది. మూలలు కాస్త గుండ్రంగా కొయ్యమని ముందే చెప్పండి. నాకెవరూ చెప్పలేదు.

కిందటేడు తమ్ముడు వచ్చినప్పుడు బిర్లామందిర్‌కి వెళ్ళాం. నౌబత్ పహాడ్ కొండంతా గ్రానైట్. హైదరాబాదు చుట్టుపక్కల కొండలూ గుండ్లూ అన్నీ ఆ జాతే, సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ కొండ నెత్తిన రాజస్థాన్ నుంచి తెచ్చిన 2000 టన్నుల తెల్ల పాలరాయితో గుడి. 1976లో తెరిచారు. వాడు స్వామికి దణ్ణం పెట్టుకుని బయటికొచ్చి "అక్కా, ఇది నీ వంటగట్టే" అన్నాడు. కింద అగ్నిశిల, పైన రూపాంతర శిల. సాయంత్రం వెలుగులో ఆ తెలుపు లోపల్నుంచి దీపం పెట్టినట్టుంది. కాల్సైట్ గింజల్లోకి వెలుతురు కొంత దూరం లోపలికి పోయి తిరిగొస్తుందట, అందుకే ఆ కాంతి. మా ఊరి నల్లరాయి ఎంత తుడిచినా ఆ పని చెయ్యలేదు. మా నల్లరాయి ఎదురుగా ఉన్న మొహాన్నే చూపిస్తుంది, ఈ పాలరాతికి తన వెలుగు తనకే ఉన్నట్టుంటుంది. అందుకే మా దేవుడి గదికి పాలరాయే వేయించాను, అది తప్పు కాలేదు. దీపం నూనె ఒలికే చోట ఇత్తడి పళ్ళెం పెట్టాను, అంతే.

ఇదంతా చదివి అగ్నిశిల మంచిది, రూపాంతర శిల చెడ్డది అని తేల్చేసుకుని షాపుకి పోకండి. మా మరదలి ఇంటికి రాయి కొనేటప్పుడు నేను అదే తప్పు చెయ్యబోయాను. "మార్ఫింగ్ అయిన రాయి వద్దు, కరిగిన రాయే కావాలి" అని షాపులో గంభీరంగా చెప్పాను. షాపతను బిత్తరపోయాడు. తమ్ముడు పక్కకి లాగి చెప్పాడు. గ్రానైట్ షాపులో గ్రానైట్ అని అమ్మేవన్నీ గ్రానైట్లు కావు. మా బ్లాక్ గెలాక్సీయే శాస్త్రం ప్రకారం గ్రానైట్ కాదు, గాబ్రో, నోరైట్ అనే నల్ల జాతికి చెందింది. అగ్నిశిలే, కానీ పేరు వేరు. గులాబీ, బూడిదరంగు అలలు తిరిగే పారడైసో ఉంది, తమిళనాడు నుంచి వస్తుంది, దాన్నీ గ్రానైట్ అనే అంటారు. ఆ అలలు ఎందుకొచ్చాయి? వేడికీ ఒత్తిడికీ మెలితిరిగి. అది నైస్ (gneiss) అనే జాతి, రూపాంతర శిల! అయినా నిమ్మరసానికి చెక్కుచెదరదు, ఎందుకంటే లోపల ఉన్నవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్లు. ఇసకరాయి రూపం మారితే వచ్చే క్వార్ట్‌జైట్ కూడా అంతే, చాకుకి లొంగదు. ఇటలీ మార్బుల్ అని అమ్మే బోటిచినో అయితే మార్బులే కాదు, సున్నపురాయి. అది రూపాంతరమే చెందలేదు, కానీ పులుపుకి పాలరాయిలాగే కరుగుతుంది.

కాబట్టి రాయి ఎలా పుట్టిందన్నది పరీక్ష పేపరుకి. వంటింటికి కావలసింది లోపల కాల్సైట్ ఉందా లేదా అన్నది. దానికి చదువక్కర్లేదు. షాపుకి ఒక నిమ్మకాయా, ఒక చాకూ, ఒక తెల్లగుడ్డా పట్టుకెళ్ళండి. స్లాబు మీద కాదు, పనికిరాని ముక్క అడగండి, ఇస్తారు. నిమ్మరసం చుక్క వేసి పావుగంట ఆగి తుడిచి, వెలుతురుకి వంచి చూడండి. చాకుతో గియ్యండి. క్వార్ట్‌జైట్ అని చెప్పి పాలరాయి అంటగట్టేవాళ్ళు కూడా ఇక్కడే దొరికిపోతారు. తెల్లగుడ్డ ఎందుకంటే, నల్లరాయి కొనేటప్పుడు థిన్నరులో ముంచి రుద్దడానికి. గుడ్డకి నలుపు అంటితే అది రంగు పూసిన రాయి. మేం తిరిగిన అయిదు షాపుల్లో ఒకచోట గుడ్డ నల్లబడింది. ఆయన "దుమ్మండీ" అన్నాడు. క్వార్ట్జ్ అని వేరే ఒకటి అమ్ముతారు, అది రాతిపొడి, రెసిన్ కలిపి చేసింది, పులుపుకి బాగానే ఆగుతుంది కానీ వేడి కుక్కరు పెడితే మచ్చపడుతుందని వాళ్ళే చెప్తారు.

బరువు లెక్క కూడా చూసుకోండి. మా 18 ఎం.ఎం. నల్లరాయి చదరపు అడుగు ఇంచుమించు అయిదు కిలోలు తూగుతుంది. తొమ్మిదడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ముక్క అంటే తొంభై కిలోలు. నలుగురు పట్టుకొచ్చారు, మెట్ల మలుపులో ఒకాయన వేలు నలిగింది.

మార్కులు వెయ్యమంటే, వంటగట్టుకి నల్లరాయి అయిదుకి నాలుగున్నర, ఆ అర మార్కు ఆవాల కోసం తీసేశాను. పాలరాయి వంటగట్టుకి ఒకటిన్నర. హాలుకీ దేవుడి గదికీ నాలుగు. మరదలికి గట్టంతా గ్రానైటే వేయించాం.

మాకూ పొట్టి చెయ్యి మార్పించేద్దామని కిందటి నెల మేస్త్రీని పిలిచాను. షేడ్ కలిసే నల్ల స్లాబు కూడా చూసిపెట్టుకున్నాను. అతను టేపు లాగి కొలుస్తున్నాడు. మా అత్తగారు ఆ చివర చపాతీపిండి నేరుగా రాతి మీదే ఒత్తుకుంటున్నారు. పీట అక్కర్లేకుండా తెల్లరాతి మీద ఒత్తడం ఆవిడకి ఆరేళ్ళుగా అలవాటు.

"ఏం కొలుస్తున్నావు నాయనా?"

"ఇది తీసేసి నల్లది ఏస్తామండి అమ్మగారూ."

"నల్లదాని మీద చల్లిన పిండి పొడంతా కనపడుతుంది, ఎవరు తుడుస్తారు?" అని, కర్ర ఆపకుండానే, "ఆ చివర కొలుచుకో, ఇక్కడ నాకు పనుంది" అన్నారు.

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. టేపు టప్పున లోపలికి పోయింది. వచ్చినందుకు రెండొందలు తీసుకుని, ఓ చపాతీ తిని వెళ్ళాడు.